మరచెంబు, హోల్డాలు, 36 మలుపులు

వేసవిలో ఊటీ ప్రయాణం ఫిబ్రవరిలోనే మొదలయ్యేది. అదీ కారులో కాదు, పోస్టాఫీసులో.

1980ల నాటి మాట. జవాబు కార్డు అని ఒకటి దొరికేది. రెండు కార్డులు అతికి ఉండేవి. ఒకదాని మీద మన ఉత్తరం, రెండోదాని మీద మన చిరునామా రాసి పంపితే, అవతలివాళ్ళు రెండోది చింపి జవాబు రాసి డబ్బాలో వేసేవారు. ఊటీ దారిలో ఉన్న బందీపూర్‌లో అడవి బంగళా కావాలంటే మైసూరులోని ప్రాజెక్ట్ టైగర్ ఫీల్డ్ డైరెక్టర్ ఆఫీసుకి రాయాలి. ముదుమలైకైతే ఊటీలోని వైల్డ్ లైఫ్ వార్డెన్ ఆఫీసుకి. రెండు అడవులూ ఒకదానికొకటి ఆనుకునే ఉన్నా రాష్ట్రాలు వేరు కాబట్టి ఉత్తరాలూ వేరే. ఊటీలో బసకి మూడో ఉత్తరం.

ఆ ఉత్తరం రాయడంలో ఒక పద్ధతి ఉండేది. ఒకే తేదీ ఇస్తే "ఖాళీ లేదు" అన్న ఒక్క ముక్కతో జవాబు వచ్చేది, అప్పటికి నెల గడిచిపోయేది. అందుకని అనుభవం ఉన్నవాళ్ళు వరసగా మూడు తేదీలు ఇచ్చి, "వీటిలో ఏది వీలైతే అది" అని రాసేవారు. ఎంతమంది పెద్దవాళ్ళు, ఎంతమంది పిల్లలు, కారు నంబరు, భోజనం అక్కడ కావాలా వద్దా అన్నవి అందులోనే ఉండాలి. డబ్బు మనియార్డరో, డ్రాఫ్టో. ఆ రశీదు ఇంట్లో బీరువాలో పెట్టి వెళ్ళినవాళ్ళు బంగళా గేటు దగ్గర ఇబ్బందిపడేవారు, ఎందుకంటే అక్కడి కాపలాదారుకు కాగితమే ప్రమాణం. ప్రభుత్వ పని మీద ఎవరైనా వస్తే గది వారికే అన్న షరతు కూడా ఉండేది. కాబట్టి గూడలూరులోనో మైసూరులోనో మరో బస మనసులో పెట్టుకుని బయల్దేరడం తెలివైన పని.

మే నెల మధ్యలో ఊటీ బొటానికల్ గార్డెన్‌లో పూల ప్రదర్శన జరుగుతుంది. 1848లో మొదలైన తోట అది. ఆ వారాంతం గది దొరకడం దుర్లభం, అప్పుడూ ఇప్పుడూ. పూల కోసమే వెళ్తే సరే. చల్లగాలి కోసమైతే ఏప్రిల్ ఆఖరి వారం మంచిది. బడులకు సెలవులిచ్చిన మర్నాడే ఇంటిముందు కారు కడుగుతూ కనిపించేవారి లెక్క ఇదే.

ఇక కారు సంగతి. ఆ ప్రయాణాన్ని నిజంగా శాసించింది గదులు కాదు, రేడియేటరు.

అంబాసిడరు ఇంజను 1489 సీసీ. మనుషులు ఏడుగురు, పైన క్యారియరు నిండా సామాను, బయట 42 డిగ్రీల ఎండ. బయల్దేరే ముందు నెలరోజుల్లో మెకానిక్ చేత చేయించాల్సిన పనులకు ఇంటింటా ఒక చిట్టా ఉండేది. రేడియేటరు విప్పి ఫ్లష్ చేయించడం అందులో మొదటిది. మన ఊళ్ళలో బోరు నీళ్ళు చవుడు. ఏడాదంతా అవే పోస్తే లోపల గొట్టాలకు సున్నంలా పొలుసు కడుతుంది. ఊళ్ళో తిరిగేటప్పుడు అది తెలియదు. ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం వేడి చూపే ముల్లు ఎర్రగీత వైపు పాకుతుంది. రేడియేటరు పైనా కిందా ఉండే రబ్బరు హోసులను వేళ్ళతో నొక్కి చూడాలి. మెత్తబడి ఉబ్బినా, గట్టిపడి పగుళ్ళు కనిపించినా మార్చాల్సిందే. పాతవి బాగానే ఉంటే పారేయకుండా డిక్కీలో పడేసేవారు, దారిలో అక్కరకొస్తాయని.

ఫ్యాన్ బెల్టును మధ్యలో బొటనవేలితో నొక్కితే అర అంగుళం లోపలికి వెళ్ళాలి. అంతకన్నా వదులైతే జారుతుంది, బిగువైతే డైనమో బేరింగు పోతుంది. స్పేరు బెల్టు లేకుండా ఊరు దాటకూడదు. బెల్టు తెగితే నైలాన్ తాడు ముడేసి నడిపేస్తాం అనేవాళ్ళ మాట నమ్మదగ్గది కాదు. ఆ ముడి పుల్లీ మీద నిలవదు.

కాంటాక్ట్ పాయింట్ల మధ్య 15 థౌ, ప్లగ్గుల దగ్గర 25 థౌ సందు. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. సందు కొలిచే ఫీలర్ గేజ్ ఒకటి, రెండు ప్లగ్గులు, ఒక సెట్ పాయింట్లు, ఒక కండెన్సరు, ఒక రోటరు, రెండు హోస్ క్లిప్పులు, ఫ్యూజు తీగ, ఇన్సులేషన్ టేపు. ఇవన్నీ బిస్కెట్ల డబ్బాలో పట్టేసేవి. పానాలు, స్క్రూడ్రైవర్లు గోనెసంచిలో చుట్టి సీటు కింద. స్టెప్నీలో గాలి చూసుకోవడం మరిచిపోతే స్టెప్నీ ఉన్నా లేనట్టే. జాకీతో పాటు ఒక చెక్కపలక కూడా వేసుకోవాలి, ఎందుకంటే ఎండకు కరిగిన తారు అంచుల మీదా, వానకు తడిసిన మట్టి మీదా జాకీ కిందికి దిగిపోతుంది.

బ్రేకుల గురించి చాలామంది ఎక్కేటప్పుడు ఆలోచించరు. డ్రమ్ బ్రేకులు అవి. బ్రేక్ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. రెండేళ్ళు మార్చకపోతే దిగుడులో డ్రమ్ములు కాలి, ఆ తేమ ఆవిరై, పెడలు స్పాంజిలా మెత్తగా కిందికి పోతుంది. మైదానంలో ఏడాదంతా బాగా పట్టిన బ్రేకు కొండదారిలో పట్టకపోవడానికి కారణం తరచుగా ఇదే.

కాగితాల పని తక్కువే. సొంత కారైతే ఆర్‌సీ పుస్తకం, ఇన్సూరెన్సు, లైసెన్సు సరిపోయేవి. అద్దె టాక్సీ అయితే మాత్రం ఒక్కో రాష్ట్రం సరిహద్దులో తాత్కాలిక పర్మిటు తీసుకుని, పన్ను కట్టాల్సి వచ్చేది. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర తెల్లవారుజామున లారీల వరస వెనక నిలబడితే గంట పోయేది. అది తెలిసినవాళ్ళు ఆ గంటను టిఫినుకు వాడుకునేవారు.

దారి చూసుకోవడానికి బట్టకు అతికించిన రోడ్డు మ్యాపు ఒకటి, లెక్కల కోసం పిల్లల రూళ్ళ నోటుపుస్తకం ఒకటి. మిగతాదంతా మైలురాళ్ళే చెప్పేవి. పసుపు తల ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ తల ఉంటే రాష్ట్ర రహదారి. అప్పటి 7వ నంబరు రహదారే ఇప్పటి 44. అప్పుడు రెండు వరసల రోడ్డు, ఎదురుగా లారీ వస్తే మట్టిలోకి దిగాల్సిందే. గంటకు సగటున 45 నుంచి 50 కిలోమీటర్లు వేసుకోవాలి. అంతకన్నా ఎక్కువ వేసుకుని రాసిన ప్రణాళికలన్నీ మొదటి రోజే తప్పేవి.

ఆ లెక్కన హైదరాబాదు నుంచి మొదటి రోజు అనంతపురం, సుమారు 360 కిలోమీటర్లు. రెండో రోజు బెంగుళూరు ఊళ్ళోకి వెళ్ళకుండా అంచునే దాటి మైసూరు, దాదాపు అంతే దూరం. మూడో రోజు పొద్దున్న అడవి, సాయంత్రానికి కొండ. రెండు రోజుల్లో ఊటీ చేరిపోదాం అనుకునేవాళ్ళకు అడవిలో చీకటి పడేది. చీకట్లో అడవి దాటడం అప్పుడు చట్టప్రకారం తప్పు కాదు కానీ మంచిదీ కాదు. 2009 నుంచి బందీపూర్ గుండా రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలు ఆపేస్తున్నారు, కాబట్టి ఇప్పుడు ఆ ప్రశ్నే లేదు. గేటు టైము ముందు పెట్టుకుని మైసూరు నుంచి వెనక్కి లెక్కేసుకోవాలి.

తెల్లవారుజామున నాలుగింటికి కారు కదలాలి. ఇది ఆచారం కాదు, అవసరం. ఎనిమిదిన్నర తొమ్మిదికల్లా బీచుపల్లి దగ్గర కృష్ణ, ఆ తర్వాత కర్నూలు దగ్గర తుంగభద్ర దాటెయ్యాలి. పదకొండు తర్వాత గుత్తి వైపు రోడ్డు పెనం లెక్క కాలుతుంది. పన్నెండు నుంచి మూడున్నర దాకా చెట్టు నీడనో సత్రంలోనో ఆగిపోవడం ఇంజనుకూ మంచిది, మనుషులకూ మంచిది. టైర్ల గాలి పొద్దున్న చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి. మధ్యాహ్నం వేడికి గాలి ఒత్తిడి పెరుగుతుంది. అది చూసి కంగారుపడి గాలి వదిలేస్తే సాయంత్రానికి టైరు మెత్తబడి, పక్కగోడలు ఇంకా ఎక్కువ కాలి, అసలుకే మోసం వస్తుంది.

ముందు బంపరుకు కట్టిన కాన్వాసు నీళ్ళ సంచి ఎవరికైనా గుర్తుందా? తడి గుడ్డలోంచి నీరు ఆవిరవుతూ ఉంటే లోపలి నీళ్ళు చల్లబడేవి. కారు నడుస్తున్నంతసేపూ గాలి తగిలి ఇంకా చల్లబడేవి. కొత్త సంచిని ఒక రాత్రంతా నీళ్ళలో నానబెట్టకపోతే కారిపోతుంది, నార ఉబ్బితేనే సందులు మూసుకుంటాయి. లోపల పిల్లలకు మరచెంబు. ఇత్తడి చెంబుకు మర మూత, పైన పట్టుకోవడానికి పిడి. మర బిగిస్తే తలకిందులు చేసినా చుక్క పడదు. అందులో మజ్జిగ మాత్రం పోయకూడదు, పులుపుకు ఇత్తడి చిలుమెక్కుతుంది. కళాయి పోసినదైతేనే ఆ సాహసం. రేడియేటరు కోసం వేరే పది లీటర్ల క్యాను, అందులో ఊళ్ళోని కుళాయి నీళ్ళే.

తిండి కట్టడం దానంతటది ఒక శాస్త్రం. పులిహోర తీసుకెళ్ళారు అనేస్తే సరిపోదు, ఎలా కట్టారన్నదే ముఖ్యం. కిలో బియ్యానికి 125 నుంచి 150 గ్రాముల చింతపండు, ఒక పెద్ద గ్లాసు నువ్వుల నూనె. అన్నం పలుకుగా వార్చి, వెడల్పు బేసినులో ఆరబోసి, పసుపూ నూనే కలిపి, పూర్తిగా చల్లారాకే పులుసు కలపాలి. వేడి మీద కలిపి డబ్బాలో కుక్కితే లోపల ఆవిరి పట్టి, మధ్యలో ముద్ద వేడిగా ఉండిపోయి, మధ్యాహ్నానికే జిగురు వాసన వేస్తుంది. పులిహోర పాడవదు అన్నమాట సగం నిజం. పులుపూ నూనే కాపాడతాయి కానీ అనంతపురం మే ఎండలో పొద్దున కట్టినది సాయంత్రంలోగా తినెయ్యాలి. తెలిసిన ఇల్లాళ్ళు చేసేది ఇంకొకటి ఉంది. చింతపండు పులుసును పోపుతో సహా నూనె తేలేదాకా దగ్గరగా ఉడికించి జాడీలో వేసుకునేవారు. అది వారాల తరబడి నిలవ ఉంటుంది. కొండ మీద వేడన్నంలో రెండు గరిటెలు కలిపితే పులిహోర సిద్ధం. వేరుశనగ గుళ్ళు మాత్రం విడిగా పొట్లం కట్టాలి, లేకపోతే మెత్తబడిపోతాయి.

దద్దోజనంలో పెరుగు పోయకూడదు, పాలు పోయాలి. అన్నాన్ని మెత్తగా మెదిపి, కాచి చల్లార్చిన పాలు పోసి, ఒక్క చెంచా పెరుగు కలిపి కడితే కారులోనే తోడుకుని మధ్యాహ్నానికి కమ్మగా తయారవుతుంది. అంతా పెరుగే పోసి కట్టినది పదింటికే నోరు పులిసేలా ఉంటుంది. వీటికి తోడు కందిపొడి, చల్లమిరపకాయలు, మాగాయ, జంతికలు, సున్నుండలు. అడ్డాకు విస్తళ్ళు రెండు కట్టలు. కంచాలు కడగడానికి నీళ్ళు ఖర్చు పెట్టే దారి కాదది.

సామాను ఎక్కించడంలో పెద్దవాళ్ళ పట్టుదలకు అర్థం ఉంది. బరువైన ట్రంకు పెట్టె, బియ్యం, స్టవ్వు డిక్కీలోకి. పైన క్యారియరు మీద హోల్డాళ్ళు (పరుపులు చుట్టి కట్టే కాన్వాసు సంచులు), దుప్పట్లు మాత్రమే. బరువంతా నెత్తిన పెట్టుకున్న కారు హెయిర్‌పిన్ మలుపులో పక్కకి ఒరుగుతుంది. కట్టిన తాడు యాభై కిలోమీటర్ల తర్వాత ఒకసారి మళ్ళీ బిగించాలి, అప్పటికి సామాను సర్దుకుని తాడు వదులవుతుంది. ఫోటో ఫిల్ము రోళ్ళు డ్యాష్‌బోర్డులో పెడితే వేడికి రంగులు చెడిపోతాయి. హోల్డాలు మధ్యలో, పరుపు మడతల్లో పెట్టాలి. రోలుకు 36 బొమ్మలు, కాబట్టి ఊరికి ఇన్ని అని ముందే పంచుకునేవారు. ఆ ఫిల్ములు తయారుచేసే హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ కర్మాగారం ఊటీలోనే ఉండేది, 'ఇందు' పేరుతో నలుపు తెలుపు ఫిల్ము అక్కడిదే. ఇప్పుడు అదీ మూతపడింది.

మద్దూరు వడ, చెన్నపట్న కొయ్యబొమ్మలు, శ్రీరంగపట్నం కోట. బెంగుళూరు మైసూరు మధ్య ఆగడానికి సాకులు చాలా ఉన్నాయి. అన్నిచోట్లా ఆగితే మైసూరు చేరేసరికి దీపాలు పెడతారు, అంతే.

మైసూరు నుంచి నంజనగూడు, గుండ్లుపేట, బందీపూర్. మొత్తం 80 కిలోమీటర్లు. గుండ్లుపేటలో పెట్రోలు బంకు దగ్గర ట్యాంకు నింపుకోవాలి, ఆ తర్వాత కొండ ఎక్కాలి గనక. బందీపూర్ 1973లో ప్రాజెక్ట్ టైగర్ మొదలైనప్పుడు ఎంచుకున్న తొమ్మిది అడవుల్లో ఒకటి. వేసవిలో అక్కడ పచ్చదనం ఆశించకూడదు. ఆకులు రాలి, గడ్డి ఎండి, అడవి గోధుమరంగులో ఉంటుంది. జంతువులు కనిపించేదీ అందుకే. నీళ్ళు కొన్ని గుంటల్లోనే మిగులుతాయి, పొదలు పలచబడి చూపు లోపలికి పోతుంది. మొదటి గట్టి వాన పడగానే జంతువులు చెదిరిపోతాయి. పొద్దున్న ఆరు నుంచి ఎనిమిది, సాయంత్రం నాలుగున్నర తర్వాత. మిట్టమధ్యాహ్నం వెళ్ళి "ఏమీ లేదండీ, అంతా ఎండుటాకులే" అనుకుంటూ వచ్చినవాళ్ళే ఎక్కువ.

రోడ్డు మీద ఏనుగు కనిపిస్తే ముందుకు పోవడానికి తొందరపడకూడదు. దూరంగా ఆపి, హారను కొట్టకుండా, ఇంజను ఆపకుండా, వెనక్కి వెళ్ళే దారి ఖాళీగా ఉంచుకోవాలి. వెనక కారువాళ్ళు ఆనుకుని నిలబడితే రెండు కార్లకూ ప్రమాదమే. చెవులు చాచి తల ఎత్తి నిలబడిందంటే మీరు మరీ దగ్గరికొచ్చారని అర్థం. అరటిపండు విసరడం, దిగి ఫోటో తీయడం అప్పట్లో మామూలుగా జరిగేవి. అవి తప్పుడు పనులే, గుర్తుచేసుకుని మురిసిపోవాల్సినవి కావు.

కక్కనహళ్ళ చెక్‌పోస్టు దాటితే కర్ణాటక అయిపోయి తమిళనాడు, ముదుమలై. తెప్పక్కాడు దగ్గర మోయారు నది, ఏనుగుల శిబిరం. అక్కడ దారి రెండుగా చీలుతుంది. ప్రణాళికలో అతి ముఖ్యమైన నిర్ణయం అక్కడే. ఎడమకు మసినగుడి, కల్హట్టి మీదుగా ఊటీ 36 కిలోమీటర్లు, హెయిర్‌పిన్ మలుపులూ 36. కుడికి గూడలూరు, నడువట్టం, పైకారా మీదుగా దాదాపు రెట్టింపు దూరం, కానీ నెమ్మదిగా ఎక్కే దారి. నిండుగా ఎక్కించిన అంబాసిడరుకు గూడలూరు దారే సరైనది, దూరం చూసి ఆశపడకూడదు. కల్హట్టి దారి కొద్ది కిలోమీటర్లలోనే సుమారు వెయ్యి మీటర్లు ఎక్కిస్తుంది. ఆ పాత గేరుపెట్టెల్లో ఫస్ట్ గేరు కారు దాదాపు ఆగితే గాని సాఫీగా పడేది కాదు. కాబట్టి మలుపు మధ్యలో గేరు వెతుక్కోకుండా, మలుపుకు ముందే ఫస్ట్ వేసుకుని ఎక్కాలి. మధ్యలో ఆగిపోతే ఒకరు దిగి వెనక చక్రానికి రాయి అడ్డం పెట్టడం మామూలే. కారు కదిలాక ఆ రాయిని తీసి పక్కన పడేయడమే చాలామంది మరిచేవారు. తర్వాత వచ్చే స్కూటరువాడికి అదే యముడు.

ఎక్కే బండికి దారి ఇవ్వాలి, దిగే బండి ఆగాలి. ఇది కొండదారి ధర్మం. ఎక్కేది ఆగిందంటే మళ్ళీ కదలడం కష్టం, అందుకు.

ఎక్కుడులో ఇంజను ఉన్నట్టుండి దగ్గి ఆగిపోయి, మళ్ళీ స్టార్టు కాకపోతే ముందు పెట్రోలు అయిపోయిందనుకుంటారు. చాలాసార్లు అది వేపర్ లాక్. ఇంజను పక్కనే ఉండే పంపులో, గొట్టంలో పెట్రోలు వేడికి ఆవిరై, పంపు ఆవిరినే తోడుతుంటుంది. బానెట్టు ఎత్తి, తడిగుడ్డ పంపు మీద చుట్టి, పదిహేను ఇరవై నిమిషాలు ఆగితే చాలు. మళ్ళీ మళ్ళీ సెల్ఫ్ కొడితే బ్యాటరీ కూడా చచ్చిపోతుంది. రేడియేటరు మరిగితే మూత వెంటనే తీయకూడదు. లోపల ఒత్తిడితో మరిగే నీళ్ళు మొహానికి కొడతాయి. అరగంట చల్లారనిచ్చి, మందపాటి గుడ్డ వేసి, సగం తిప్పి ఆవిరి పోనిచ్చి, ఆ తర్వాత ఇంజను నడుస్తుండగా నీళ్ళు కొద్దికొద్దిగా పోయాలి. కాలిన ఇంజనులో చన్నీళ్ళు ఒక్కసారి గుమ్మరిస్తే హెడ్డు పగులుతుంది.

కడుపులో తిప్పేవాళ్ళకు ముందు సీటు, కిటికీ పక్కన. ఘాట్ మొదలయ్యే గంట ముందు నిండుగా తినకూడదు, ఖాళీ కడుపుతోనూ ఉండకూడదు. రెండు ఇడ్లీలు చాలు. అవోమిన్ మాత్ర వాంతి మొదలయ్యాక వేసుకుంటే దండగ, ముందే పడాలి. డ్రైవరు మాత్రం వేసుకోకూడదు, నిద్ర వస్తుంది. ఎండు ఉసిరి వరుగు, నిమ్మకాయ అందరి జేబుల్లో ఉండేవి.

ఊటీ 2,240 మీటర్ల ఎత్తు. పైకి చేరాక ఇంజను బలం అయిదో వంతు దాకా తగ్గినట్టుంటుంది, పొగ కాస్త నల్లగా వస్తుంది. గాలి పలచన, కార్బురేటరు మాత్రం పాత కొలతలోనే పెట్రోలు పోస్తుంది, అంతకంటే రోగమేమీ లేదు. అక్కడ మెకానిక్ చేత మిక్స్చరు స్క్రూ తిప్పించుకుంటే కిందికి దిగాక గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అయి ఇంజను కాలిపోతుంది. నాలుగు రోజులకు ఆ పొగను భరించడమే మేలు.

అసలు పరీక్ష వంటగదిలో. కాటేజీ తీసుకుని సొంతంగా వండుకునే కుటుంబాలు పప్పు ఉడకడం లేదని గాభరాపడేవి. ఆ ఎత్తులో నీళ్ళు 92, 93 డిగ్రీలకే మరుగుతాయి. గిన్నెలో పెట్టిన కందిపప్పు రెండు గంటలైనా పలుకుగానే ఉంటుంది. అన్నం పైన మెత్తగా, లోపల బిరుసుగా వస్తుంది. కుక్కరు లేకుండా కొండ ఎక్కడం అవివేకం, కుక్కరులో కూడా ఇంటి మీద కంటే నాలుగైదు నిమిషాలు ఎక్కువ. బియ్యం అరగంట నానబెట్టి, ఎసరు కాస్త ఎక్కువ పెట్టాలి. పంపు స్టవ్వుకు నాలుగు పిన్నులు, ఒక తోలు వాషరు అదనంగా ఉంచుకోవాలి. వాషరు ఎండితే గాలి పట్టదు, ఒక చుక్క నూనె వేస్తే మెత్తబడుతుంది. కిరసనాయిలు డబ్బా బియ్యంతో కలిపి కట్టిన ఇల్లు ఆ వారమంతా కిరసనాయిలు అన్నమే తినేది.

పెరుగు తోడుకోకపోవడం రెండో విడ్డూరం. మేలో కూడా రాత్రి 11, 12 డిగ్రీలకు దిగుతుంది. పాలు కాస్త వేడిగా ఉండగానే తోడు రెట్టింపు వేసి, గిన్నెను స్వెట్టరులో చుట్టి, దుప్పట్ల మధ్య పెడితే తెల్లారేసరికి గడ్డకడుతుంది. కొబ్బరినూనె సీసాలోనే గడ్డకట్టిపోయేది, పొద్దున్నే జడలు వేసేవాళ్ళు దాన్ని వేడినీళ్ళ చెంబులో నిలబెట్టేవారు.

చూడాల్సినవి ఎవరైనా చెబుతారు. చెరువు, దొడ్డబెట్ట, కూనూరులో సిమ్స్ పార్కు. నేను చెప్పేది ఒక్కటే, దొడ్డబెట్టకు పొద్దున తొమ్మిదిలోపు వెళ్ళాలి. 2,637 మీటర్ల ఆ శిఖరం మీదికి మధ్యాహ్నం మబ్బు కమ్మిందంటే పక్కవాడి మొహం కూడా సరిగా కనిపించదు. మెట్టుపాళయం నుంచి వచ్చే పళ్ళచక్రం రైలు 46 కిలోమీటర్ల దారి, 2005లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. కారున్నవాళ్ళు కూడా కూనూరు నుంచి ఊటీ దాకా అందులో ఎక్కేవారు, కారు రోడ్డు మీద వచ్చి స్టేషను దగ్గర కలుసుకునేది.

దిగేటప్పుడు వచ్చిన దారిన కాకుండా మెట్టుపాళయం వైపు దిగి, కోయంబత్తూరు, సేలం, కృష్ణగిరి, వేలూరు, చిత్తూరు మీదుగా తిరుపతి. తెలుగువాళ్ళ దక్షిణ యాత్ర ఏదైనా చివర వెంకన్న దగ్గర తేలాల్సిందే. కొండ తర్వాత మళ్ళీ కొండ కాబట్టి బ్రేకుల సంగతి ఇక్కడే. ఏ గేరులో ఎక్కుతామో అదే గేరులో దిగాలి. పెట్రోలు మిగులుతుందని ఇంజను ఆపి న్యూట్రల్‌లో దొర్లించే అలవాటు చాలామందికి ఉండేది. బండి బరువంతా డ్రమ్ముల మీద పడి, పది మలుపులకల్లా కాలిన వాసన వచ్చేది. వాసన వస్తే ఆగాల్సిందే. ఆగాక డ్రమ్ముల మీద నీళ్ళు కొట్టకూడదు, పగులుతాయి. హ్యాండ్ బ్రేకు లాగి వదిలేయకూడదు, చల్లారే డ్రమ్ము ముడుచుకుని లోపలి బ్రేకు షూలను పట్టేసుకుంటుంది. గేరులో పెట్టి, చక్రానికి రాయి వేసి, అరగంట టీ తాగడమే. బర్లియారు దగ్గర ఆగిన కార్లన్నీ పండ్ల కోసమే ఆగలేదు.

సీజనులో పోలీసులు ఎక్కడానికి కూనూరు దారి, దిగడానికి కోటగిరి దారి అని ఒకవైపు పద్ధతి పెడతారు. అది తెలియక కూనూరులో మధ్యాహ్న భోజనం అనుకుని బయల్దేరినవాళ్ళు కోటగిరిలో తేలతారు. తిరుమలలోనూ అంతే, 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికే.

ఇంటికి తెచ్చేవాటిలో టీ పొడి, వర్కీ బిస్కెట్లు, నీలగిరి తైలం. తైలం సీసా ఎంత గట్టిగా బిరడా పెట్టినా కారు వేడికి ఊరుతుంది. దాన్ని రేకు డబ్బాలో, డిక్కీలో, తిండికి ఆమడ దూరంలో పెట్టాలి. పెట్టనివాళ్ళ వర్కీలు జలుబు మందులా ఉండేవి.

ఇప్పుడు జవాబు కార్డు బదులు ఈ-పాస్. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి ఊటీకి, కొడైకెనాల్‌కు బయటి బండ్లు ముందే నమోదు చేసుకోవాలి. ఫోనులో పది నిమిషాల పని. కానీ కొండమీద సిగ్నలు దొరకదేమోనని దాన్ని ముందే దింపుకుని, ఒక కాగితం కాపీ కూడా పెట్టుకోవడం మంచిది. ప్రమాదాలు ఎక్కువై కల్హట్టి దారిలో బయటి బండ్లు దిగడం మీద ఆంక్షలు వచ్చాయి. ఫోనులోని మ్యాపు దగ్గరి దారి అని అటే చూపిస్తే నమ్మి పోకూడదు. ఇంజెక్షన్ ఇంజన్లకు వేపర్ లాక్ లేదు, డిస్కు బ్రేకులు త్వరగా చల్లారతాయి. ఆటోమేటిక్ కారువాళ్ళు మాత్రం దిగుడులో 'డీ' గేరులోనే ఉంచి బ్రేకు మీద కాలేసి కూర్చుంటున్నారు. ఆ కాలిన వాసన అప్పటిదే.

నీలగిరి జిల్లాలో వాడి పారేసే ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు నిషేధం. చెక్‌పోస్టు దగ్గర బండ్లు ఆపి డిక్కీలు వెతికి మరీ తీసేస్తారు. అటక మీద మరచెంబు ఉంటే దించి, చింతపండు వేసి తోమి, మర అరిగిందో లేదో నీళ్ళు పోసి తలకిందులు చేసి చూసుకోండి.